వణికే చేయి చెప్పిన పాఠం

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకులు చేసిన ప్రసంగ పాఠం)



వైద్యం, ఇంజనీరింగు, రసాయనశాస్త్రం, జన్యుశాస్త్రం - ఈ నాలుగింటిలో ఇటీవల జరుగుతున్న పరిశోధనల గురించి ఒక అరగంట మాట్లాడమని మన కార్యదర్శి గారు నెల రోజుల క్రితం ఫోను చేశారు. నాలుగు శాస్త్రాలు, అరగంట వ్యవధి! ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి కనుక సిలబస్ పెద్దదై టైము తక్కువైనప్పుడు ఏం చేయాలో నాకు తెలుసు. ఒక్క లెక్క తీసుకొని దానిని చివరిదాకా చేసి చూపించాలి. ఈ రోజూ అదే పని చేస్తాను. ఒకే ఒక్క జబ్బును తీసుకొని, దాని దగ్గర ఈ నాలుగు శాస్త్రాలూ ఎలా కలిశాయో మనవి చేస్తాను. ఆ జబ్బు పార్కిన్సన్స్ వ్యాధి. మనవాళ్ళు వణుకుడు జబ్బు అంటారు. ఆయుర్వేదంలో కంపవాతం అన్నారు.

ఈ జబ్బునే ఎందుకు ఎంచుకొన్నానంటే, ఇది నాకున్నది. మైకు పట్టుకొన్న ఈ చేయి వణకడం ముందు వరుసలలోని వారు ఈపాటికి గమనించే ఉంటారు. ఇది సభాకంపం కాదు, అసలు కంపమే.

సంతకం కలవలేదు

నేను 2013లో రిటైరయ్యాను. రెండేళ్ళ తర్వాత నేనిచ్చిన ఒక చెక్కు తిరిగివచ్చింది. సంతకం కలవలేదని కారణం రాశారు. బ్యాంకుకు వెళితే కౌంటరులోని అమ్మాయి నా పాత సంతకం, కొత్త సంతకం పక్కపక్కన పెట్టి చూపించి, "మాస్టారూ, మీ సంతకం రాను రాను చిన్నదైపోతోంది చూడండి" అన్నది. చూస్తే నిజమే. మొదటి అక్షరం మామూలుగానే ఉన్నది, చివరికి వచ్చేసరికి చీమ తలకాయంత అయింది. పెన్ను మంచిది కాదని చెప్పి వచ్చేశాను. అంతకు రెండేళ్ళ ముందు నుంచీ మా ఆవిడ ఒక మాట అంటూనే ఉన్నది: "పోపు మాడి ఇల్లంతా కంపు కొడుతున్నా మీకు తెలియడం లేదేమిటండీ?" దానికి జలుబు అని చెప్పాను. కుడి చేయి కొంచెం వణకడం మొదలైతే, దానిని జేబులో పెట్టుకొని తిరగడం నేర్చుకొన్నాను. ఇలా మరో ఏడాది గడిచింది.

2016లో నరాల డాక్టరు గారు నా చేత నాలుగడుగులు వేయించి, ఒక వాక్యం రాయించి, జబ్బు పేరు చెప్పారు. అక్షరాలు చిన్నవి కావడం, వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కేకలు వేసి కాళ్ళూ చేతులూ విసరడం, నడిచేటప్పుడు ఒక చేయి ఊగకపోవడం - ఇవి వణుకు కంటె ఏళ్ళ ముందే కనిపించవచ్చునట. వీటిలో ఏదో ఒకటి ఉన్నంత మాత్రాన ఈ జబ్బే అని భయపడనక్కరలేదు. జలుబు వల్ల కూడా వాసన పోతుంది. కాని రెండు మూడు కలిసి వస్తే మాత్రం నాలాగా పెన్ను మీద నెపం పెట్టకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

మెదడు అడుగు భాగంలో నల్లని రంగు గల చిన్న ప్రదేశం ఒకటి ఉన్నది. అక్కడి కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారు చేస్తాయి. కాళ్ళూ చేతులూ మనం అనుకొన్నట్లు కదలాలంటే అది కావాలి. పార్కిన్సన్స్ జబ్బులో ఆ కణాలు ఒక్కొక్కటే చనిపోతాయి. చేయి వణికే నాటికే చాలా భాగం పోయి ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019 నాటికి ప్రపంచంలో 85 లక్షల మందికి పైగా ఈ జబ్బు ఉన్నది. పాతికేళ్ళలో ఆ సంఖ్య రెట్టింపయింది. వయసు మీద పడినవారు పెరుగుతున్నకొద్దీ ఇదీ పెరుగుతుంది. కనుక ఇది మన సంఘానికి సంబంధించిన విషయమే.

రసాయనశాస్త్రం: సర్పగంధి, దూలగొండి

లండనులో జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడు 1817లో ఆరుగురు రోగులను గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆ ఆరుగురిలో కొందరు ఆయన వీధిలో నడిచిపోతుండగా చూసినవారే. ఆ తర్వాత నూట నలభై ఏళ్ళపాటు డోపమైన్ లోపాన్ని సరిచేసే మందు ఏదీ లేదు. అసలు అది లోపమన్న సంగతే ఎవరికీ తెలియదు. మందు దొరికిన దారిలో మన పెరటి మొక్కలు రెండు ఉన్నాయి.

మొదటిది సర్పగంధి. దాని వేరు నుంచి 1952లో స్విట్జర్లాండు రసాయనశాస్త్రజ్ఞులు రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. మనలో పెద్దవారు కొందరు ఒకప్పుడు రక్తపోటుకు ఆ మాత్ర వాడి ఉంటారు. స్వీడనులో ఆర్విడ్ కార్ల్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ రిసర్పిన్‌ను కుందేళ్ళకు ఇస్తే, అవి చెవులు వాల్చుకొని కదలకుండా పడిపోయాయి. వాటికి డోపా అనే మరో పదార్థాన్ని ఎక్కిస్తే, కొద్దిసేపటిలో లేచి తిరగసాగాయి. ఈ సంగతి 1957లో ప్రకటించాడు. డోపా మెదడులోకి వెళ్ళి డోపమైన్‌గా మారుతుందని, కదలికకు అది అవసరమని అలా తెలిసింది. ఆ కృషికి ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

రెండవ మొక్క దూలగొండి. తగిలితే ఒళ్ళంతా దురద పుట్టించే ఆ కాయ మీకందరికీ తెలిసిందే. దాని గింజలలో ఆ డోపాయే ఉన్నది. మద్రాసు విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు 1937లో దానిని వేరు చేసి చూపించారు. అంతకు ముందే, 1913లో, గుగెన్‌హైమ్ అనే స్విస్ శాస్త్రజ్ఞుడు మరో చిక్కుడు జాతి గింజల నుంచి దానినే తీసి, రెండున్నర గ్రాములు తానే మింగి, విపరీతంగా వాంతులు చేసుకొన్నాడు. అది ఒక జబ్బుకు మందవుతుందని వీరిలో ఎవరికీ తెలియదు. గింజలో ఏమున్నదో తెలుసుకోవాలన్నదే వారి ఉద్దేశం.

వియన్నాలో హార్నికివిచ్ అనే ఆయన చనిపోయిన రోగుల మెదళ్ళు పరీక్షించి, వాటిలో డోపమైన్ బాగా తగ్గిపోయిందని 1960లో కనుక్కొన్నాడు. మరుసటి ఏడాది బిర్క్‌మేయర్ అనే వైద్యునితో కలిసి ఒక వృద్ధుల ఆసుపత్రిలో రోగులకు డోపా సూదిమందు ఇప్పించాడు. పడక మీద లేవలేనివారు లేచి కూర్చొన్నారు. నిలబడి అడుగు వేయలేనివారు నడిచారు. కాని కొద్ది గంటలకు మళ్ళీ మామూలే. 1967లో అమెరికాలో జార్జ్ కొట్జియాస్ నోటి ద్వారా కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ ఇచ్చి, రోజూ వాడదగిన పద్ధతి కనుక్కొన్నాడు. మింగిన మందు మెదడుకు చేరకముందే చాలా భాగం దారిలో ఖర్చయి వాంతులు తెప్పిస్తున్నది కనుక, దానిని కాపాడే కార్బిడోపా అనే తోడు మందును 1970 దశకంలో కలిపారు. నా చొక్కా జేబులో ఉన్న మాత్ర అదే. కొత్త మందులు ఎన్ని వచ్చినా ఈ జబ్బుకు ఇప్పటికీ ప్రధానమైన మందు ఇదే.

ఇక్కడ రెండు మాటలు. ఈ మాత్రను పప్పు, పెరుగు, పాలతో నిండిన భోజనంతో కలిపి వేసుకోకూడదు. వాటిలోని మాంసకృత్తులు, ఈ మందు ఒకే ద్వారం గుండా లోపలికి వెళ్ళాలి. ఒకదానినొకటి తోసుకొంటాయి. అందుకని భోజనానికి కనీసం అరగంట ముందు వేసుకోమని సాధారణంగా చెబుతారు. మీకు ఏ వేళ సరిపోతుందో మీ డాక్టరును అడగండి. రెండవది, దూలగొండిలో మందున్నది కదా అని పొడి కొట్టించుకొని మాత్రతో పాటు తినకండి. ఏ గింజలో ఎంత ఉన్నదో మనకు తెలియదు. మోతాదు మించితే వణుకు స్థానంలో ఒళ్ళు మెలికలు తిరగడం వస్తుంది.

ఇంజనీరింగు: మెదడుకు తీగ

మందు కొన్నేళ్ళు వాడిన తర్వాత కొందరిలో దాని ప్రభావం గంట గంటకూ మారుతుంది. వేసుకొన్న కాసేపు బాగుంటుంది, తర్వాత బిగుసుకొనిపోతారు. అప్పుడు ఇంజనీర్లు ఆదుకొన్నారు.

ఫ్రాన్సులో గ్రెనోబుల్ నగరంలో బెనాబిడ్ అనే శస్త్రవైద్యుడు వణుకుకు ఆపరేషను చేసేవాడు. వణుకు పుట్టించే చోటును కాల్చివేయడం అప్పటి పద్ధతి. కాల్చడానికి ముందు, చోటు సరియైనదా కాదా అని సన్నని తీగతో కరెంటు పంపి పరీక్షించేవాడు. 1987లో ఒక రోగికి అలా సెకనుకు సుమారు వంద సార్లు కరెంటు పంపగా, వణుకు ఠక్కున ఆగిపోయింది. కరెంటు తీస్తే మళ్ళీ వచ్చింది. అయితే కాల్చడం ఎందుకు, తీగను అక్కడే ఉంచేస్తే పోలేదా అనుకొన్నాడు. గుండెకు పెట్టే పేస్‌మేకర్ అప్పటికే ఉన్నది. దానివంటి పెట్టెను ఛాతీ చర్మం కింద అమర్చి, తీగను మెడ మీదుగా మెదడులోకి పంపారు. అమెరికాలో 2002లో పార్కిన్సన్స్ జబ్బుకు దీనికి అనుమతి వచ్చింది. మన హైదరాబాదు నిమ్స్‌లో కూడా ఈ శస్త్రచికిత్స చేస్తున్నారు.

ఇటీవలి విశేషం ఏమిటంటే, పాత పెట్టె రాత్రింబవళ్ళు ఒకే తీరుగా కరెంటు పంపేది. కొత్త పెట్టె మెదడులోని విద్యుత్ సంకేతాలను తానే వింటూ, అవసరాన్ని బట్టి హెచ్చిస్తుంది, తగ్గిస్తుంది. దీనికి అమెరికాలో 2025 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చారు. ఆపరేషను వద్దనుకొనేవారికి, చర్మం కింద సన్నని గొట్టం ద్వారా ఇరవై నాలుగు గంటలూ మందు పంపే చిన్న పంపుకు అక్కడే 2024 అక్టోబరులో అనుమతి వచ్చింది. అయితే ఈ సాధనాలు జబ్బును ఆపవు. బాధను తగ్గిస్తాయి. ఆపరేషను అందరికీ పనికిరాదు. సాధారణంగా మాత్ర పని చేసేవారికే అదీ పని చేస్తుంది.

ఇంజనీరింగు అంటే మెదడు ఆపరేషనే కానక్కరలేదు. జీవన్ ప్రమాణ్ 2014లో మొదలైంది. దానికి నేను వేలిముద్ర పెట్టేవాణ్ణి. నాకు జబ్బు వచ్చాక ప్రతి నవంబరులో వేలు యంత్రం మీద నిలవక నేను పడిన అవస్థ ఇక్కడ చాలామంది చూశారు. 2021 నుంచి ముఖం చూపితే చాలునన్న సదుపాయం వచ్చింది. అది కనిపెట్టినవారు నన్ను తలుచుకొని ఉండరు. అయినా నా పాలిట వారు పెద్ద ఇంజనీర్లే.

జన్యుశాస్త్రం: పిల్లలకు వస్తుందా?

జబ్బు పేరు తెలిసిన రోజు మా అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, "నాన్నగారూ, మందులు దొరుకుతాయా?" అని. రెండవ ప్రశ్న అడగలేదు, నేనే గ్రహించాను. తన పిల్లలకు వస్తుందా అని ఆమె భయం.

దక్షిణ ఇటలీలో కొంతూర్సి అనే చిన్న ఊరున్నది. అక్కడి ఒక కుటుంబంలో తరతరాలుగా ఈ జబ్బు వస్తున్నది. వారిలో కొందరు అమెరికాకు వలస వెళ్ళారు. రెండు చోట్ల వారినీ పరిశీలించి 1997లో అమెరికా శాస్త్రజ్ఞులు ఆ కుటుంబంలో దెబ్బతిన్న జన్యువును కనుక్కొన్నారు. అది ఆల్ఫా సైన్యూక్లిన్ అనే మాంసకృత్తును తయారు చేసే జన్యువు. అదే ఏడాది మరో విషయం బయటపడింది. లూయీ అనే జర్మను వైద్యుడు 1912లోనే రోగుల మెదడు కణాలలో చూసిన చిన్న ముద్దలు ఆ మాంసకృత్తుతో నిండి ఉన్నాయి. ఆ కుటుంబంతో ఏ సంబంధమూ లేని మామూలు రోగులలో కూడా అంతే! ఒక ఊరి కుటుంబం వల్ల లోకంలోని రోగులందరి జబ్బుకూ ఒక ఆచూకీ దొరికింది.

అమ్మాయి అడగని ప్రశ్నకు జవాబు ఏమిటంటే, ఒకే ఒక్క జన్యువు లోపం వల్ల ఈ జబ్బు రావడం తక్కువ. ఎక్కువమందిలో వయసు, పరిసరాలు, అనేక జన్యువుల చిన్న చిన్న ప్రభావాలు కలిసి వస్తుంది. పొలాలలో చల్లే కొన్ని పురుగు, కలుపు మందులకూ దీనికీ సంబంధం ఉన్నట్లు పరిశోధనలు సూచిస్తున్నాయి. తండ్రికి ఉన్నంత మాత్రాన పిల్లలకు వచ్చి తీరుతుందని కాదు.

ఈ జన్యువుల లెక్కలు చాలావరకు ఐరోపా సంతతి వారి మీద చేసినవి. మనవారి లెక్క మనకు ఉండాలని 2020లో జీనోమ్ ఇండియా అనే పథకం మొదలైంది. దేశంలోని పలు జనసమూహాలకు చెందిన పదివేల మంది జన్యుపటాలు తయారు చేసి, 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులో పెట్టారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. అందులో భాగస్వామి.

ఆ ఆచూకీ నుంచే కొత్త పరీక్ష పుట్టింది. వెన్నునీటిలో ఆ చెడిన మాంసకృత్తు ఉన్నదా లేదా అని పట్టే పరీక్షను వెయ్యిమందికి పైగా మీద జరిపి 2023లో ఫలితాలు ప్రకటించారు. పార్కిన్సన్స్ ఉన్నవారిలో సుమారు 88 శాతం మందిని అది గుర్తించింది.

ఇక్కడ మనవంటి ఒక విశ్రాంత ఉద్యోగిని గురించి చెప్పాలి. స్కాట్లండులో జాయ్ మిల్న్ అనే ఆమె రిటైరైన నర్సు. భర్త ఒంటి వాసన మారిందని ఆమె గమనించిన పన్నెండేళ్ళకు గాని ఆయనకు ఈ జబ్బు బయటపడలేదు. తర్వాత రోగుల సమావేశానికి వెళితే అందరి దగ్గరా అదే వాసన! ఆ మాట ఒక శాస్త్రజ్ఞునికి చెప్పింది. ఆరుగురు రోగులవి, ఆరుగురు ఆరోగ్యవంతులవి, మొత్తం పన్నెండు బనీన్లు వాసన చూపించారు. రోగులు ఆరుగురినీ సరిగ్గా చెప్పింది. ఆరోగ్యవంతులలో ఒకరిని కూడా రోగి అన్నది. ఒక్కటి తప్పిందనుకొన్నారు. కొద్ది నెలలకు ఆ మనిషికీ జబ్బున్నట్లు తేలింది. మాంచెస్టరులో రసాయనశాస్త్రజ్ఞులు చర్మం మీది జిడ్డును పరీక్షించి ఆ వాసనకు కారణమైన పదార్థాలను 2019లో ప్రకటించారు. జిడ్డు తుడిచి జబ్బు పట్టే పరీక్షకు ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఈ జబ్బులో నాకు పోయింది ముక్కు. ఈ జబ్బును పట్టింది ఆమె ముక్కు.

వైద్యం: నేను చేసిన తప్పు

మిత్రులారా, ఇక చెప్పవలసినది చెబుతాను. దీనిని మా పిల్లలకు కూడా నేను పూర్తిగా చెప్పలేదు.

జపానులో యమనాకా అనే శాస్త్రజ్ఞుడు 2006లో ఎలుకలలో, మరుసటి ఏడాది మనుషులలో, మామూలు కణాన్ని వెనక్కు తిప్పి మూలకణంగా మార్చవచ్చునని చూపించాడు. 2012లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అటువంటి మూలకణాల నుంచి డోపమైన్ తయారు చేసే కణాలను పెంచి, ఒక రోగి మెదడులో నాటినట్లు 2018 నవంబరులో క్యోటో విశ్వవిద్యాలయం ప్రకటించింది. ఆ వార్తను నేను పేపరులో నుంచి కత్తిరించి డైరీలో పెట్టుకొన్నాను. అదే నెలలో ఒక కరపత్రం నా చేతికి వచ్చింది. "మూలకణాలతో పార్కిన్సన్స్ నయం" అని. ఒక పెద్ద నగరంలోని చికిత్సా కేంద్రం అది. పేరు చెప్పను. పేరు ముఖ్యం కాదు, నా తెలివితక్కువతనం ముఖ్యం.

ముప్పై ఏళ్ళు పిల్లలకు "ప్రయోగం, పరిశీలన, నిర్ధారణ" అని బోర్డు మీద రాసిన నేను, ఆ కేంద్రాన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పేపరులో వచ్చిన మూలకణాలూ, కరపత్రంలోని మూలకణాలూ ఒకటే అనుకొన్నాను. గ్రాట్యుటీలో మిగిల్చి డిపాజిట్ చేసిన నాలుగు లక్షల ఇరవై వేలు తీసి కట్టాను. పొట్ట దగ్గర కొవ్వు తీసి, ఏదో చేసి, మళ్ళీ సూదితో ఎక్కించారు. మొదటి వారం బాగున్నట్లే అనిపించింది. ఆ ధైర్యంతో నా అంతట నేనే మాత్రలు తగ్గించాను. మూడవ వారంలో స్నానాలగదిలో బిగుసుకొని పడ్డాను. మణికట్టు విరిగింది. మా అమ్మాయికి కాలు జారిందని చెప్పాను. అమ్మా, నువ్వు ఈ పత్రిక చదువుతావని తెలుసు. కాలు జారలేదు.

నా డాక్టరు గారు తిట్టలేదు. ఒక్కటే అడిగారు: "మాస్టారూ, వాళ్ళు మీ ముందు ఎంతమందికి చేశారు? ఆ ఫలితాలు ఎక్కడ ప్రచురించారు?" నా దగ్గర జవాబు లేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు తప్ప, అనుమతి పొందిన పరిశోధనలో భాగంగా కాకుండా మూలకణాలను రోగులకు ఎక్కించకూడదు. ఆ సంగతి అప్పటికే అచ్చయి ఉన్నది. నేనే చదవలేదు.

ఇప్పుడు క్యోటో వారేం చేశారో చూడండి. మొత్తం ఏడుగురికే నాటారు. రెండేళ్ళు కనిపెట్టుకొని చూశారు. 2025 ఏప్రిల్‌లో ఫలితాలు ప్రకటించారు. తీవ్రమైన ప్రమాదాలు రాలేదు. ప్రయోజనం లెక్కించిన ఆరుగురిలో నలుగురికి, మందు వేసుకోని వేళలో కదలికలు మెరుగుపడ్డాయి. వారు దీనిని "నయం" అనలేదు. ఇంకా ఎక్కువమంది మీద, పోల్చి చూసే పద్ధతిలో పరీక్షించాలన్నారు. నోబెల్ బహుమతి వచ్చిన శాస్త్రం మీద పనిచేసేవారు అంత జాగ్రత్తగా మాట్లాడితే, కరపత్రం వేసినవాడు అంత గట్టిగా ఎలా మాట్లాడగలిగాడు?

ఇంకొక ఉదాహరణ. అమెరికా ఎడారి బల్లి లాలాజలం నుంచి దొరికిన ఎక్సెనటైడ్ అనే మధుమేహ మందు పార్కిన్సన్స్ జబ్బును నెమ్మదింపజేస్తుందేమోనని 2017లో లండను నుంచి ఆశ కలిగించే వార్త వచ్చింది. ఆ ఇంజక్షను రాయమని డాక్టరు గారిని బతిమాలాను. ఆగమన్నారు. 194 మంది మీద 96 వారాలు జరిపిన పెద్ద పరీక్షలో ప్రయోజనం కనిపించలేదని 2025లో తేలింది. ఆ పరిశోధకులే, తాము ఆశపెట్టుకొన్న మందు పనిచేయలేదని తామే ప్రకటించారు. మంచి శాస్త్రానికి గుర్తు అది. కరపత్రంలో ఓటమి ఎన్నడూ ఉండదు.

ఫైలు ఏ సీటులో ఉన్నది?

మనమందరం ఆఫీసులలో పనిచేసినవాళ్ళం. ఫైలు పుట్టగానే జి.ఓ. రాదని మనకు తెలుసు. పరిశోధన కూడా అంతే. మొదట పరీక్షనాళిక, తర్వాత ఎలుక, తర్వాత కొద్దిమంది మనుషులు, ఆపైన వందలమంది, ఆపైన ప్రభుత్వ అనుమతి. దూలగొండి నుంచి డోపా తీసిన 1937కూ, అది రోగి చేతికి మాత్రగా వచ్చిన నాటికీ మధ్య ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నది. పేపరులో వార్త చదివినప్పుడు మనం అడగవలసినవి మూడే ప్రశ్నలు.

ఒకటి: ఇది ఎలుకల మీదనా, మనుషుల మీదనా? మనుషులైతే ఎంతమంది, ఎంతకాలం?

రెండు: మందు ఇవ్వనివారితో పోల్చి చూశారా? వారం రోజులు బాగున్నట్లు అనిపించడం నాకూ జరిగింది. అది మందు కాదు, ఆశ.

మూడు: డబ్బు ఎవరు ఎవరికి ఇస్తున్నారు? సక్రమమైన పరిశోధనలో రోగి దగ్గర ప్రయోగపు మందుకు సొమ్ము తీసుకోరు. మన దేశంలో జరిగే ఇటువంటి పరీక్షలన్నీ నమోదు చేయడానికి 2007 నుంచి ప్రభుత్వ రిజిస్ట్రీ ఉన్నది. 2009 నుంచి ఆ నమోదు తప్పనిసరి చేశారు. ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మీకు రాకపోతే మనవలను అడగండి, రెండు నిమిషాల పని.

ఈ ప్రశ్నలకు జవాబు వచ్చేదాకా డిపాజిట్ విరగ్గొట్టకండి. ఏ వార్త చదివినా మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. అలాగని నిరాశ పడనూ వద్దు. నేను ఈ వేదిక మీద నిలబడి అరగంట మాట్లాడగలిగానంటే, అది నాలుగు శాస్త్రాలలో నా పేరైనా తెలియనివాళ్ళు చేసిన కృషి వల్లనే. రోజూ ఉదయం నలభై నిమిషాలు నడుస్తున్నాను. వ్యాయామం ఈ జబ్బులో మంచి చేస్తుందని పరిశోధనలూ చెబుతున్నాయి, నా కాళ్ళూ చెబుతున్నాయి.

చివరిగా ఒక్క మాట. వియన్నాలో చనిపోయిన రోగుల మెదళ్ళు పరీక్షించి ఉండకపోతే, నా జేబులో ఈ మాత్ర ఉండేది కాదు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో 1995 నుంచి మెదళ్ళు భద్రపరిచే బ్యాంకు ఉన్నది. నా తదనంతరం నా మెదడును వారికి ఇవ్వాలని నా కోరిక. దీనికి కుటుంబ సభ్యుల అంగీకారం కావాలి. మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. ఆమె మూడవ వరుసలో కూర్చొని ఉన్నది. ఆమె ముందే మీ అందరితో చెబితే కాదనలేదని ఎత్తు వేయడం లేదు. కాగితం మాత్రం తెప్పించి, ఆ బ్యాంకు అమ్మాయి చూపించిన చిన్న అక్షరాలతోనే సంతకం పెట్టి, బీరువాలో పెట్టాను. ఈ సంతకం కలవలేదని వాళ్ళు తిప్పి పంపరనుకొంటాను.